పాలరాతి అరికాలు

1982 మార్చిలో ఒక శనివారం శ్యామ్‌సుందర్ భార్యను కోట చూడడానికి తీసుకెళ్ళాడు.

"కోట చూడ్డానికి జర్మనీ దాకా ఎందుకు జయా, మన ఇర్వింగ్ నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేస్తే చాలు," అన్నాడు కారులో.

జయంతి నవ్వలేదు. వాళ్ళ నలభై మూడు రోజుల కొడుకు నిద్రలోనే పోయి ఐదు నెలలైంది. ఆనాటి నుంచీ అతను బిడ్డ పేరు పలకలేదు. ఫోటోలు ఎక్కడ పెట్టాడో చెప్పలేదు. ఒక్కసారి ఆ పేరు అతని నోట వినాలని ఆమె కాచుకుని ఉంది. వినకపోతే ఆ బిడ్డ అసలు పుట్టాడా అని తనకే అనుమానం వచ్చేలా ఉంది.

కోట అంటే నిజానికి ఒక శిల్పి ఇల్లు. వందేళ్ళ కిందట జర్మనీ నుంచి వచ్చినావిడ, చిన్నప్పుడు చూసిన నది ఒడ్డు కోటను తలచుకుని ఇక్కడి సున్నపురాతితో బురుజుతో సహా కట్టించుకుందట. ఇప్పుడది మ్యూజియం.

కింది గదుల్లో కనుపాపలు లేని రాతి తలలు బారుగా ఉన్నాయి. ఎటు నిలబడ్డా అవి తన భుజం మీదుగా వెనక ఎవరినో చూస్తున్నట్టు జయంతికి అనిపించింది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

బురుజు పైగదిలో, మోకాలెత్తు బల్ల మీద పాలరాతి పసివాడు నిద్రపోతున్నాడు.

"ఆవిడ కొడుకు. రెండు నెలలకే పోయాడు," అంది ఇల్లు చూపిస్తున్న ముసలి గైడ్. "తర్వాత ఈ ఇంట్లో వాడి పేరు ఎవరూ ఎత్తకూడదంది. ఆ పేరేమిటో మాకూ తెలియదు. రాత్రిళ్ళు మాత్రం తనే వచ్చి ఈ బొమ్మకు దుప్పటి కప్పేదట."

జయంతి పసివాడి దగ్గరకి వెళ్ళింది. పేరు లేకుండా ఇన్నేళ్ళూ వీడిక్కడే ఉన్నాడా? కంటి కొసన ఉన్న కాటుక వేలికి తీసుకుని, పసివాడి అరికాలికి చుక్క పెట్టింది. రాయి చల్లగా తగలలేదు.

"అయ్యో, ముట్టుకోకూడదమ్మా," అంటూ గైడ్ తడిగుడ్డ కోసం గబగబా కిందికి దిగింది.

శ్యామ్‌సుందర్ తెల్లబోయాడు. "ఏం పని జయా ఇది? రాతికి దిష్టేమిటి?"

"రాతికి కాదు. పిల్లాడికి."

"పోయిన పిల్లాడికా?"

"పోయినవాళ్ళకి దిష్టి తగలదని మీకెవరు చెప్పారు? కాటుకలో కెమికల్స్ ఉంటాయని మీరంటే, మన బాబుకి పెట్టడం మానేశాను. మీది చదువుకున్న మాటే, కాదనను. చుక్క పెట్టినా దేవుడు తీసుకుపోయేవాడేమో. అది ఆయన్ని రోజూ అడుగుతూనే ఉన్నాను. మిమ్మల్ని మాత్రం ఏదీ అడగలేదు."

అతను కింద కూర్చుని జేబురుమాలుతో తుడవసాగాడు. నలుపు పోలేదు, ఇంకా అలుముకుంది. పాదాన్ని అరచేతిలోకి తీసుకుని గట్టిగా రుద్దబోయి ఆగిపోయాడు. ఆ బుల్లి మడమ చుట్టూ వేళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి.

"వాడి పేరెత్తితే నువ్వు నన్నే తప్పుపడతావని..." అన్నాడు. "ఉదయ్ మడమ నా చేతిలో ఇట్లాగే ఉండేది."

జయంతి అతని పక్కనే కూలబడింది. ఐదు నెలలుగా రాని ఏడుపు వచ్చింది.

గైడ్ తడిగుడ్డతో మెట్లెక్కి వచ్చింది. "ప్లీజ్, ఒక్క నిమిషం," అన్నాడు శ్యామ్‌సుందర్ పాదం వదలకుండా. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఉదయ్," అన్నాడతను మళ్ళీ. ఈసారి జయంతితో కాదు. పసివాడి మీదికి వంగి, మెల్లిగా, నిద్ర లేపుతున్నట్టు.

జయంతి ఏడుపు ఆపి, పసివాడు నిజంగానే లేస్తాడేమోనని అతని భుజం గట్టిగా పట్టుకుంది.