ఎడమ కనుబొమ తుమ్ము

మరదలికి కుడి కనుబొమతో ఏ పేచీ లేదు. ఎడమదాని మీద వెంట్రుకలు తీసే దారం పడిందో, ముక్కులో ఎవరో ఈక తిప్పినట్టై కిటికీ రెక్కలు అదిరేలా తుమ్ము వస్తుంది. మూడు నెలల క్రితం వేరే పార్లర్లో అలాగే తుమ్మింది. తల ముందుకొచ్చింది, దారం వెనక్కి పోయింది, దాంతోపాటు కనుబొమ కొస కూడా పోయింది. మొన్నమొన్నటిదాకా దాన్ని పెన్సిలుతో గీసుకుంటూ నెట్టుకొచ్చింది. తీరా మొలిచేసరికి పొదలా మొలిచింది. రేపు పొద్దున పదింటికి టీవీలో వార్తలు చదివే ఉద్యోగానికి కెమెరా పరీక్ష.

"చేయించుకోకపోతే పొద, చేయించుకుంటే బోడి. ఏం చెయ్యను వదినా?"

"మా పార్లరావిడ దగ్గరికి రా. పదేళ్లుగా వెళ్తున్నా, ఒక్క వెంట్రుక అటూ ఇటూ కాలేదు" అంది వదిన, ఆ గొప్పంతా తన కనుబొమలదే అన్నట్టు.

పార్లరంటే ఒకే గది, రెండు కుర్చీలు. పార్లరావిడ కథంతా విని నవ్వలేదు. మరదలికి సగం ధైర్యం అక్కడే వచ్చేసింది. ఈ తుమ్ము సంగతి విని ఇంతవరకూ నవ్వనివాళ్లు లేరు, కట్టుకున్నవాడితో సహా.

"చెప్పులు విప్పి, కాళ్లు ఆ పీట మీద చాపండమ్మా."

"కనుబొమలకి కాళ్లతో పనేంటండీ?"

"ఆవిడకి శుభ్రం ఎక్కువలే, కానివ్వు" అంది వదిన.

ఆవిడ దారం కొస పళ్ల మధ్య బిగించి, వేళ్లతో మెలి తిప్పింది. కుడి కనుబొమ చిటికెలో అయిపోయింది. ఇక ఎడమది. ఒక లాగుడు. రెండోది. మరదలు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఉన్నట్టుండి దారం ఆగింది. కళ్లు తెరిచి చూస్తే ఆవిడ చేతులు మూరెడు దూరంలో, గాల్లో ఉన్నాయి. ఇదేంటి అనుకునేలోపే... హాఛ్!

మళ్లీ రెండు లాగుళ్లు, మళ్లీ చేతులు గాల్లోకి, మళ్లీ తుమ్ము. అలా ఎనిమిది. ఒక్కసారి కూడా తుమ్ము ఆ చేతుల్ని అందుకోలేకపోయింది.

"ఇంటికెళ్లేసరికి జలుబు నాకు పట్టుకుంటుంది" అని వదిన కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

అద్దంలో రెండు కనుబొమలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. మరదలు నమ్మలేక వేలితో తడిమి చూసుకుంది.

"వచ్చేదాకా నాకే తెలియని తుమ్ము మీకెలా తెలిసిందండీ?"

ఆవిడ నోట్లోంచి దారం తీసింది. "మీ ఎడమకాలి బొటనవేలు ముడుచుకుంటుందమ్మా. ఒంటికి ముందే తెలుస్తుంది, మనకే ఆఖర్న చెబుతుంది. ఒకావిడకి చెవి దగ్గర దువ్వెన తగిలితే దగ్గు. దగ్గే ముందు మడమ లేస్తుంది. అందుకే అందరినీ చెప్పులు విప్పమంటాను."

ఆ గోడల మీద ఒక్క సర్టిఫికెట్టు లేదు. ముఖాలు దిద్దుతూ పాదాలు చదువుకున్న మనిషికి ఎవరిస్తారులే అనుకుంది మరదలు. చేతులెత్తి దణ్ణం పెట్టబోయి, ఆవిడ మొహమాటపడుతుందని మానేసింది.

వదిన ఊరుకోలేదు. "మరి నాకేమవుతుంది?"

"మీకు నొప్పి పుడితే మాటలు ఆగిపోతాయండీ. ఇన్నేళ్లలో రెండుసార్లు ఆగాయి."

మూడోసారి అప్పుడే ఆగాయి.

మర్నాడు పదింటికి కెమెరా మరదలి ముఖానికి జానెడు దూరంలో నిలబడింది. "ఎడమవైపు ముఖం చూపించండి" అన్నారు అవతలివాళ్లు. చూపించింది, ఎంతసేపు చూస్తారో చూడండన్నట్టు.