‘మెడవంపు’ మీద అభిప్రాయాలు

సెలూన్‌లో కుర్చీలు రెండు. ఒకటి నున్నన్నది, రెండోది అతని బావమరిదిది. గీసిన గడ్డం మీద చెయ్యి వేస్తే జారిపోతుందని వీధివాళ్ళు అతనికి పెట్టిన పేరు నున్నన్న. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. భార్య రెండు వీధుల అవతల మందుల షాపులో పనిచేస్తుంది. పెళ్ళయి పుష్కరం దాటింది. ఇరుగుపొరుగు గోడకి చెవి ఆనించినా వినబడేంత గొడవ ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు.

ఆమె ఫోన్‌లో కథలు రాస్తుందని అతనికి తెలుసు. కథల యాప్‌లో ఖాతా తెరిచి ఇచ్చిందే అతను. “ఏం పేరు పెట్టమంటావ్?” అని అడిగితే “చీకటిపువ్వు” అంది. నవ్వి, ఆ పేరే కొట్టి ఫోన్ చేతిలో పెట్టేశాడు. తర్వాత ఒక్క కథైనా చదవలేదు. చదవకూడదని కాదు. ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూసొద్దామని ఎవరు బయల్దేరతారు?

ఒక ఉదయం బ్యాంకు క్యాషియర్ కుర్చీలో కూర్చుని, గడ్డం గీసి మీసం చివర్లు కాస్త సరిచేయమన్నాడు. బెంచీ మీద తన వంతు కోసం చూస్తున్న ఇన్సూరెన్స్ ఏజెంటు ఫోన్‌లోంచి తలెత్తాడు.

“ఈ చీకటిపువ్వు ఎవరో గానీ చంపేస్తోంది సార్. ‘మెడవంపు’ చదివారా?”

“చదివానయ్యా. మా ఆవిడ ఫోన్ దిండు కింద దాచుకుని చదువుతుంటే, ఏమిటా అని తీసి చూశాను,” అన్నాడు క్యాషియర్, పెదాల మీది నురగ కదలకుండా. “రక్తపిశాచి కథలంటే కోరలు, కేకలు, పక్కంతా రక్తం. ఇందులో వాడు చివరిదాకా కొరకడే! మెడ దగ్గర ఊపిరి వదిలి, ‘వద్దంటే వెళ్ళిపోతాను’ అంటాడు. అంతే. నాకు చెమటలు పట్టాయంటే నమ్ము.”

“అది ఊహించి రాసింది కాదు సార్, అనుభవం. ఆవిడ మొగుడెవడో పెట్టి పుట్టాడు.”

“మొగుడా! మొగుళ్ళకి అంత ఓపిక ఎక్కడేడుస్తుంది? ఇది బయటి వ్యవహారం. రాసిపెట్టుకో.”

నున్నన్న చేతిలో కత్తి ఆగలేదు. ఆగినా బాగుండేది. ఎడమవైపు సగం మీసం నురగతోపాటు ఊడి వచ్చేసింది.

క్యాషియర్ అద్దంలోకి చూసుకుని కుర్చీలోంచి లేచినంత పనిచేశాడు. బావమరిది పరుగున వచ్చి, “సార్, నిజం చెప్పనా? మీసం లేకపోతే మీరు పెళ్ళికొడుకులా ఉంటారు,” అంటూ మిగతా సగం కూడా తీసేసి, మొహానికి క్రీము రాసి, తలుపుదాకా సాగనంపాడు. తిరిగొచ్చి, “ఏంటి బావా, ఒంట్లో బాలేదా?” అన్నాడు.

“బానే ఉంది. మీ అక్కకి పెళ్ళికి ముందు ఎవరైనా…”

“ఎవరైనా?”

“ఏం లేదు. ఆ తువ్వాళ్ళు ఆరేయ్.”

మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక, తన కుర్చీలో తనే కూర్చుని ‘మెడవంపు’ తెరిచాడు. గడియారాలు బాగుచేసే ఒక ఒంటరి స్త్రీ. ఆమె దగ్గరికి రోజూ దీపాలు పెట్టే వేళకి ఒకడు వస్తాడు. వాడికి వయసు రాదు, గడియారంతో పనిలేదు. అయినా ఆగిపోయిన గడియారం ఒకటి తెచ్చి ఆమె ముందు పెడతాడు. ఆమె తలవంచి పనిచేస్తుంటే వెనక నిలబడతాడు. ముట్టుకోడు. జుట్టు పక్కకి తీయనా అని అడుగుతాడు. ఆమె తీయమన్నాక ఒక్కొక్క పాయనే, దారం చిక్కు విప్పుతున్నట్టు తీస్తాడు. అక్కడికి వచ్చేసరికి నున్నన్నకి నోరు ఎండిపోయింది. రోజుకి ఎన్ని మెడలు చూస్తాడో లెక్కలేదు. పౌడరు అద్ది, బ్రష్‌తో దులిపి పంపించేస్తాడు. మెడ అంటే ఇంత ఉంటుందని అతనికెవరూ చెప్పలేదు.

కథ అయిపోయాక కింద అభిప్రాయాలు మొదలయ్యాయి. అసలు మంట అక్కడ రేగింది.

‘సభ్యత లేదా? పిల్లలు చూసే చోట ఇలాంటి రాతలా?’ అని ఒకరు. ‘నచ్చకపోతే మూసుకుని పోండి, నేను మూడుసార్లు చదివాను,’ అని ఇంకొకరు. ‘అత్తగారు వస్తే ఫోన్ బోర్లా పెట్టేశాను’ అని ఒకావిడ. ‘వాడు ముట్టుకునే ముందు అడుగుతాడు. మా ఆయన తిన్నావా అని కూడా అడగడు’ అని మరొకావిడ. ఆ మాట నున్నన్నకి అన్నంలో రాయిలా తగిలింది. అందరికంటే పొడుగ్గా రాసినవాడి పేరు ‘నిద్రలేనివాడు’. ‘ఈమె భయపడుతున్నది వాడి కోరలకి కాదు, తనకి అవి కావాలనిపిస్తున్నందుకు,’ అని రాశాడు. దాని కింద చీకటిపువ్వు జవాబు: ‘నా మనసులో మాట మీరొక్కరే పట్టుకున్నారు.’

మీరొక్కరే! నున్నన్న ఆ రెండు ముక్కలూ చదివి ఫోన్ పక్కన పెట్టాడు. మళ్ళీ తీసి చదివాడు. వెనక్కి వెళ్ళి పాత కథలన్నీ తిరగేశాడు. ప్రతి కథ కిందా వీడే. ప్రతిదానికీ ఆమె జవాబు. ఇంట్లో తనకి రోజూ వచ్చే జవాబులు గుర్తుచేసుకున్నాడు. ‘ఊఁ’, ‘సరే’, ‘గ్యాస్ అయిపోవచ్చింది’.

ఆ సాయంత్రం ఆమె గిన్నెలు తోముతుంటే చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. కథలోవాడిలాగే వంగి, మెడ మీద మెల్లిగా ఊపిరి వదిలాడు.

ఆమె తిరిగి చూడకుండానే, “జలుబు చేసిందా? షాపులోంచి మాత్రలు తెస్తా ఉండండి,” అంది.

నున్నన్న వచ్చి మంచమ్మీద కూలబడ్డాడు. పోటీకి దిగిన మొదటి రోజే రక్తపిశాచి గెలిచింది. అందులోనూ ఉన్నవాడు కాదు, లేనివాడు. ఉన్నవాడైతే కాలరు పట్టుకోవచ్చు.

మర్నాడు సెలూన్ తాలూకు ఫోన్‌లో ఇంకో ఖాతా తెరిచి, ‘నిజం చెప్పేవాడు’ అని పేరు పెట్టుకున్నాడు. కసి తీరా కొట్టాడు. ‘ఈ రక్తపిశాచికి పనీ పాటా లేదా? రోజూ పరాయి ఆడదాని వెనక నిలబడ్డం ఏం బతుకు? ఆవిడకైనా బుద్ధి ఉండక్కర్లేదా? ఇలాంటివి రాసేవాళ్ళ ఇంట్లో మొగుడి గతి ఏమిటో! ఆ నిద్రలేనివాడు మాత్ర వేసుకుని పడుకుంటే అందరికీ మంచిది.’ పంపించేసి కత్తులన్నిటికీ పదును పెట్టాడు.

సాయంత్రం ఇంటికెళ్తే ఆమె మొహం వాడిపోయి ఉంది. అతనికి ఒక క్షణం హాయిగా అనిపించింది, దొంగ చేతికి డబ్బుల డబ్బా మూత ఊడి వచ్చినట్టు. కానీ ఆమె రాయడానికి ఫోన్ ముట్టుకోలేదు. ఆ రోజూ ముట్టుకోలేదు, తర్వాతి రోజూ లేదు. వంటింట్లో ఏదో ఆలోచిస్తూ తనలో తనే పెదాలు కదపడం మానేసింది. ఆ కదలిక ఇన్నేళ్ళుగా ఉందని, అది ఆగిపోయాకే అతనికి తెలిసింది.

ఆదివారం ఇద్దరూ ఉతికిన బట్టలు మడత పెడుతుండగా, ఆమె ఉన్నట్టుండి అంది.

“ఖాతాకి వేరే పేరు పెట్టారు సరే. బొమ్మ మార్చడం మర్చిపోయారు.”

“ఏ బొమ్మ?”

“గుండ్రంగా, సెలూన్ ఫోన్‌కి పెట్టుకున్న మీ బోర్డు. ‘నిజం చెప్పేవాడు’ పక్కనే.”

నున్నన్న చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. తేలుకుట్టిన దొంగ పరిస్థితి. అరవలేడు, ఊరుకోలేడు. చివరికి అరిచాడు.

“ఎవడు వాడు?”

“ఎవడు?”

“కథలోవాడు! వెనక నిలబడేవాడు!”

“ఎవడూ లేడండీ. నేనే చేసుకున్నా.”

“ఎవరూ లేకుండా ఎలా వస్తాడు? బజారంతా అనుభవమే అంటోంది!”

“మందులు ఇస్తూ ఇస్తూ ఊహించుకుంటా. జ్వరం మాత్రకీ జ్వరం మాత్రకీ మధ్యలో. ఒకరోజు వాడి కళ్ళు, ఒకరోజు చేతులు. వాడు పూర్తవడానికి ఎండాకాలం అంతా పట్టింది.”

“అందులో నేనెక్కడున్నాను?”

ఆమె చేతిలో ఉన్న తువ్వాలు మడిచి దొంతర మీద పెట్టింది. అబద్ధమాడి సరిపెట్టే మనిషి కాదు. “లేరు,” అంది.

కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. “మరి ఆ నిద్రలేనివాడు?” అన్నాడు.

“ఎవరో నాకేం తెలుసు? మగాడే అయ్యుంటాడు. ఎప్పుడూ చూడలేదు, చూడాలనీ లేదు. వాడు నా కథ చదివాడు, మీరు చదవలేదు. అంతే తేడా.”

“చదివాను.”

“ఎప్పుడు?”

“మొన్న. అన్నీ.” చొక్కా మడతలు విప్పి మళ్ళీ పెట్టాడు. “కడుపు మండిపోయింది. ఆ జుట్టు పాయలు తీసే చోట… నాకే ఎలాగో అయిపోయింది. ఇంత తెలిసిన మనిషి నా పక్కనే పడుకుని, నాతో గ్యాస్ గురించి మాట్లాడిందా అనిపించింది.”

ఆమె మొహం మెల్లిగా ఎర్రబడింది. ఇన్ని రోజులుగా వందలమంది పొగిడినప్పుడు కూడా అలా అయ్యిందో లేదో.

“ఆ తిట్టు తీసేస్తాలే,” అన్నాడు.

“తీయకండి! దాని కింద జనం కొట్టుకు చస్తున్నారు. సగం మంది మిమ్మల్ని చంపుతామంటున్నారు, సగం మంది మిమ్మల్ని వెనకేసుకొస్తున్నారు. ఆ గొడవ చూడ్డానికి వచ్చినవాళ్ళంతా కథ చదివి పోతున్నారు. యాప్‌లో మొదటి వరసలోకి ఎక్కింది.”

శత్రువుని తొక్కబోయి తనే భుజాలమీద ఎక్కించుకున్నాడన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియక, మిగతా బట్టలన్నీ ఒక్కడే మడతపెట్టాడు.

“అయితే రాయడం ఎందుకు మానేశావ్?”

“మీరే కదా అన్నారు, బుద్ధి లేదని. ఊళ్ళోవాళ్ళు అంటే దులిపేసుకుంటా. మీరు అంటే ఎలా?”

అతను లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇద్దరికీ తెలిసిన క్షమాపణ అదొక్కటే.

కొన్నాళ్ళకి ఆమె కొత్త కథ మొదలుపెట్టింది. అదే గడియారాల స్త్రీ, అదే రక్తపిశాచి. పూర్తయ్యాక యాప్‌లో పెట్టకముందే ఫోన్ అతని చేతికిచ్చి, గోళ్ళు కొరుక్కుంటూ ఎదురుగా కూర్చుంది. నున్నన్న చదివాడు. ఈసారీ మండింది, కాస్త తక్కువగా.

“ఎలా ఉంది?”

“బాగుంది. కానీ…”

“కానీ?”

“కోప్పడవుగా? వీడు నవ్వడేంటే? అంత అందగాడు, అంత మర్యాదస్తుడు, ఒక్కసారైనా నవ్వడు. ఆవిడ ఎలా భరిస్తోంది?”

ఆమె రక్తపిశాచులు నవ్వవంది. ఎందుకు నవ్వవు, కోరలు కనబడతాయని సిగ్గా అన్నాడతను. నవ్విస్తే కథకి బరువు పోతుందంది. బరువు మోస్తూ ఎవరు ప్రేమిస్తారన్నాడు. వాదనలో పొయ్యి మీది పాలు పొంగి గట్టంతా పారాయి. తుడుస్తూ కూడా వాదించుకున్నారు. చివరికి ఆమె విసుక్కుంటూ ఫోన్ లాక్కుని, ఒకచోట, గడియారాల స్త్రీ జుట్టు వాడి చొక్కా గుండీకి చిక్కుకున్న చోట, వాణ్ణి నవ్వించింది.

కథ పెట్టిన మర్నాడు అభిప్రాయాలు వరదలా వచ్చాయి. నున్నన్న ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే, “వాడు రాశాడా?” అన్నాడు.

“రాశాడు.” ఆమె చదివి వినిపించింది. “‘అంతా మీ పద్ధతిలోనే ఉంది. కానీ ఆ నవ్వు దగ్గర మాత్రం ఆగిపోయాను. వాడు మొదటిసారి నాకు మనిషిలా కనిపించాడు. ఈ కథలో అన్నిటికంటే గొప్ప వాక్యం అదే.’”

నున్నన్న ఛాతీ జానెడు పొంగింది. ఆ నవ్వు నాదిరా అని వాడికి చెప్పాలనిపించింది. చెప్పే దారి లేదు. మెచ్చుకున్నవాడి మీదే మళ్ళీ ఎక్కడో చురుక్కుమంది. గొప్ప వాక్యం అనడానికి వీడెవడు?

ఆమె అప్పటికే జవాబు కొడుతోంది. వేళ్ళు చకచకా కదులుతున్నాయి, పెదాలు కూడా. అతను మెడ చాచి చూడబోతే ఫోన్ అటు తిప్పుకుంది.

“ఏం రాశావ్?”

“అందరితోపాటు చదువుకోండి,” అని ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది.

నున్నన్న ఒక చెప్పుతోనే గుమ్మంలో కూర్చుని, జేబులోంచి ఫోన్ తీశాడు.