నడిమి కీచురాయి

వెంకటరాయప్ప డబ్బాలోని కోడిగుడ్ల అట్టను పైకెత్తగానే దాని కింద నక్కిన కీచురాళ్ళు నాలుగువైపులా చెదిరాయి. ఎర్రబల్బు వెలుతురులో అన్నీ నల్లగా, ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఎండిన దూదిని తీసేసి, నీళ్ళలో ముంచిన కొత్త దూదిని పెట్టాడు. బిస్కెట్ల పొడి చల్లి మూత వేశాడు. బయట బెంగుళూరు ఎండ కాస్తోంది. ఈ గదికి మాత్రం పగలే రాత్రి. కీచురాళ్ళు చీకట్లోనే పాడతాయి గనక, పరిశోధన చేసేవాళ్ళకు పనివేళల్లో వినపడేలా దీపాల వేళల్ని తిప్పి అమర్చారు.

ఆయనది పొట్టి శరీరం. ఎప్పుడూ ఏదో వంగి చూస్తున్నట్టు భుజాలు ముందుకు వాలి ఉంటాయి. వయసంతా దొడ్డబళ్ళాపురంలో, పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాల మధ్య గడిచింది. మోకాళ్ళు మొరాయించాక ఆ పని మాని, ఈ సంస్థలో పురుగుల గది చూసుకునే పనిలో చేరాడు. కానీ మగ్గాలు అప్పటికే ఆయన చెవుల్లోంచి సన్నటి చప్పుళ్ళన్నీ తీసుకుపోయాయి. మనిషి ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే తెలుస్తుంది. పిట్ట కూతా కుక్కర్ విజిలూ తెలియవు. కీచురాయి పాట అసలే తెలియదు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

భార్య నాగమ్మకు తెలుసు. ఆమె నోటితో పిలవడం మానేసి, వెనకనుంచి వచ్చి భుజం మీద రెండుసార్లు తట్టేది. అన్నానికి లేపినా అంతే, అలిగి పలకరించినా అంతే. ఆమె పోయాక, బస్సులో తోసుకునేవాళ్ళు తప్ప, ఆ భుజాన్ని తాకినవాళ్ళు లేరు.

పని ముగించి మూలనున్న గాజుపెట్టె ముందు స్టూలు వేసుకున్నాడు. అందులో ఒక్కటే కీచురాయి ఉంది. గదిలో పెరిగేవి రెండు జాతులు. మామూలుగా ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. ఇక్కడ పరిశోధన చేసే శ్రుతి ఒక జాతి మగదాన్నీ మరో జాతి ఆడదాన్నీ చాలాకాలం ఒకే డబ్బాలో ఉంచితే కొన్ని గుడ్లు పిల్లలయ్యాయి. వాటిలో బతికి పెద్దదైంది ఇదొక్కటే. అది రెక్కలు పైకెత్తి రుద్దుకుంటోంది. ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

భుజం మీద చెయ్యి పడింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"ఆఁ, నాగూ" అంటూ తిరిగాడు.

శ్రుతి నిలబడి ఉంది. నెల్లూరు పిల్ల. ఈ కీచురాళ్ళ మీదే పీహెచ్‌డీ చేస్తోంది.

"ఎంతసేపట్నించి పిలుస్తున్నా, వెంకటరాయప్ప గారూ! మీకు వినపళ్ళేదా?"

ఆయన తల వంచుకున్నాడు.

"ఇనపడదమ్మా. మగ్గాల్లో పోయినాయి చెవులు."

"మరి ఇది పాడుతోందని రోజూ చెప్పేవారు కదా?"

"రెక్కలు లేపుతాది కదమ్మా. అది సూసి సెప్తా ఉంటి."

"ముందే చెప్పొచ్చు కదా!"

"పాడే పురుగుల కాడికి చెవుల్లేనోణ్ణి ఎవురన్నా పనికి పెట్టుకుంటారా?" ఆయన లేచి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "రేప్పొద్దున్నించి రావద్దంటే రాను."

శ్రుతి బల్ల మీదున్న చిన్న స్పీకరు తెచ్చి, ఆయన వేళ్ళను దాని మీద ఆనించింది. వేళ్ళ కింద పొర అదిరింది. టకటకమని ఆగకుండా సాగింది.

"ఇది ఒక జాతి పాట." ఆయన ముఖంలోకి చూస్తూ గట్టిగా చెప్పింది. మీట నొక్కింది. ఈసారి రెండు అదుర్లు, కాస్త ఖాళీ, మళ్ళీ రెండు. "ఇది రెండోది. చూడ్డానికి రెండూ సేమ్. కానీ ఆడది తన జాతి పాట వినిపిస్తేనే కదుల్తుంది. అందుకే పక్కపక్కనే బతుకుతున్నా రెండూ కలవవు. కలవనివాటిని మేం వేరే జాతులంటాం."

"దీని పాటో?"

గాజుపెట్టెలోని దాని పాట పెట్టింది. అదురు మొదలై, తడబడి, ఆగి, మళ్ళీ సాగింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పోగు తెగిన మగ్గాన్ని నడిపినట్టనిపించింది.

"అటూ కాదు, ఇటూ కాదు" అన్నాడు.

"అవును. రెండు జాతుల ఆడవాటికీ వినిపించి చూశా. ఒక్కటీ రాలేదు."

"ఎవురూ రారని దానికి తెల్సునా?"

"తెలీదనుకుంటా. పాడుతూనే ఉంది కదా."

ఆయన పెట్టె మీద వేలు ఆనించాడు. "నీ పని అయినాక దీన్నేం జేస్తావమ్మా?"

"ఫ్రీజర్‌లో పెట్టేస్తాం. డీఎన్ఏ తియ్యాలి."

"ప్రాణంతోనా? వద్దు తల్లీ. అదే పోయేవరకూ ఉండనీ. పోయినాక పెట్టుకో."

ఆమె వంగి పెట్టెలోకి చూసింది. "సరే, ఉండనిద్దాం. పోగానే మీరు నాకు చెప్పాలి. పాటలు వినడానికి మైకు ఉంది. మీరు రెక్కలు చూసి చెప్పండి, చాలు."

"అంటే, రేపు రావచ్చునా?"

"రాకపోతే దీనికి నీళ్ళెవరు పెడతారు?" అని నవ్వింది.

సాయంత్రం బస్టాపులో ఉడకబెట్టిన చెనిక్కాయల పొట్లం కొన్నాడు. బస్సెక్కితే నాగమ్మకు ఒలిచి పెట్టేవాడు; ఆమె పోయాక కొనడం ఇదే మొదలు. దొడ్డబళ్ళాపురం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. యలహంక దాటేసరికి బస్సు సగం ఖాళీ అయింది. చల్లగాలి తగులుతుంటే నిదానంగా కాయలు ఒలుచుకుంటూ కూచున్నాడు. ఒకసారి గుండె పట్టేసినట్టయింది. కాసేపాగితే తగ్గుతుందని తల కిటికీకి ఆనించాడు.

దొడ్డబళ్ళాపురంలో అందరూ దిగారు.

"తాతా, లే. ఊరొచ్చింది" అన్నాడు కండక్టరు తలుపు దగ్గర్నించే. ఇంకా గట్టిగా పిలిచాడు. దగ్గరికొచ్చి, వంగి ముఖంలోకి చూసి, టోపీ తీశాడు. డ్రైవరును పిలవడానికి గబగబా కిందికి దిగాడు.

పక్కనున్న ఖాళీ సీటులో, పరిచిన రుమాలు మీద, ఒలిచి పెట్టిన గింజలు కొన్ని ఉన్నాయి.