బొటనవేలి కింది మూడు పంక్తులు

మా అమ్మాయి బట్టలు మూటకట్టి ఇచ్చేసిన రోజు నేను హొసకోటె బడిలో ఏడో తరగతి పిల్లల తెలుగు జవాబు పత్రాలు దిద్దుతున్నాను. సాయంత్రం హూడిలో బస్సు దిగి ఇంటికొచ్చి కుక్కర్ పెట్టాను. దండెం మీది బట్టలు తెచ్చి మడతపెట్టి బీరువా తీస్తే శైలజ అర ఖాళీగా ఉంది. అడుగున పరిచిన పాత న్యూస్ పేపర్ తప్ప ఏమీ లేదు. మా అత్తగారు సుంకమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. "పెండ్లి కాని పిల్ల గుడ్డలు ఇంట్లో ఉండకూడదంట. నేనే ఇప్పించేస్తి. నువ్వుంటే ఇయ్యనిచ్చేదానివి కాదు" అంది తల ఎత్తకుండా. నేను బీరువా తలుపు వేసి కుక్కర్ దింపడానికి వెళ్ళాను. ఆ రాత్రి కూడా అందరికీ వడ్డించాను. చారులో ఉప్పు తక్కువైందని మా ఆయన అన్నాడు.

శైలజ పోయి అప్పటికి నెల కూడా కాలేదు. డెంగీ జ్వరం అన్నారు. హాల్లో గోడ మీద ఒక ఫోటో మిగిలింది. పెళ్ళిచూపుల వాళ్ళకు పంపడానికి తీయించినది, దాన్నే పెద్దది చేయించారు. భుజాల వరకే ఉంది. అందులో చేతులు లేవు.

చేతుల సంగతి ఎందుకు రాస్తున్నానంటే, శైలజ ఎడమ బొటనవేలి గోరు నడిమికి చీలి ఉండేది. చిన్నప్పుడు ఒక ఉదయం నాకు బస్సు వేళ అవుతోందని అది కత్తిపీట ముందు కూర్చుని గుమ్మడికాయ తరిగింది. కత్తి గోటిలోకి దిగింది. గాయం మానింది కానీ గోరు మళ్ళీ కలవలేదు. రెండు పాయలుగానే పెరిగేది. పెళ్ళిచూపులకు ఎవరైనా వస్తే వాళ్ళ నాన్న ముందే చెప్పేవాడు, "ఆ చెయ్యి కొంగు కింద పెట్టుకో" అని. అది అలాగే పెట్టుకునేది. వాళ్ళు వెళ్ళాక వంటింట్లోకి వచ్చి, ఎడమ చేత్తోనే మిగిలిన బజ్జీలు తినేది.

బీకాం అయ్యాక శైలజ ఒక స్కానింగ్ సెంటర్‌లో చేరింది. పాత గ్రంథాలయాల నుంచి పుస్తకాలు తెప్పించి, ఒక్కో పేజీ ఫోటో తీసి, అందరూ ఊరికే చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టే పని. పని చేసేవాళ్ళంతా ఆడపిల్లలే. గాజుపలక కింద పుస్తకం తెరిచి పట్టుకోవడం, ఫోటో పడగానే పేజీ తిప్పడం. మా ఆయన లక్ష్మీనారాయణ చిక్కపేటలో చీరల హోల్‌సేల్ అంగడిలో గుమాస్తా. అంగట్లో ఎవరైనా అడిగితే "మా పాప కంప్యూటర్ లైన్లో ఉండాది అప్పా" అనేవాడు. ఇంట్లో వేరే మాట. "బీకాం చదివించింది పేజీలు తిప్పేదానికా? గాలొచ్చినా తిప్పుతాది పేజీ." శైలజ నవ్వేది. "గాలి రెండు పేజీలు ఒకేసారి తిప్పుతుంది నాన్నా, నేనైతే ఒక్కటే" అనేది. రబ్బరు తొడుగులు వేసుకోమని సూపర్వైజర్ చెప్పినా వేసుకునేది కాదు. పాత కాగితం చిరిగేముందు వేలికి తెలుస్తుందట, రబ్బరుకు తెలియదట. పేజీకి ఒక వాక్యం చదివేంత తీరిక మాత్రమే దొరుకుతుందని, ఆ ఒక్కొక్క వాక్యాన్నీ కలుపుకుని రాత్రి నేను గిన్నెలు తోముతుంటే నాకు కథలు చెప్పేది. సగం పుస్తకంలోవి, సగం దానివి.

శైలజ పోయాక నేను మళ్ళీ బడికి వెళ్ళిన మొదటివారం, హెడ్మాస్టర్ పెద్దమునియప్పగారు పిలిచి, మధ్యాహ్న భోజనం పని కూడా నన్నే చూడమన్నారు. "ఇప్పుడు మీకు ఇంట్లో కొంచెం తీరిక ఉంటుంది కదా మేడమ్" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఆ మాట అన్నాక తనకే ఏదో తోచి కిటికీ వైపు చూశారు. నేను సరేనన్నాను. ఆ రోజు పిల్లలకు సాంబారు పోస్తూ, నా తీరిక అనేది ఎవరెవరి నోళ్ళలో ఎలా పుడుతుందో ఆలోచించాను. నేను పెళ్ళి చేసుకుని వచ్చిన కొత్తలో మా వీధి చివర ప్రభుత్వ గ్రంథాలయం ఉండేది. అది మూసేవేళకు నా వంట ఎప్పుడూ అయ్యేది కాదు. ఒక్క ఆదివారం వెళ్ళాను. కార్డు కావాలంటే ఇంటాయన సంతకం తెమ్మన్నారు. "ఇంట్లో ఉండే కాగితాలు చాలవా?" అన్నాడు మా ఆయన, సంతకం పెట్టలేదు. తర్వాత వెళ్ళలేదు. మా బడిలోనూ పుస్తకాల అల్మారా ఉంది. తాళంచెవి హెడ్మాస్టర్ దగ్గర ఉంటుంది.

శైలజతో పనిచేసిన అనిత ఒక శనివారం నన్ను చూడటానికి బడికే వచ్చింది. ఇంటికి రావడానికి భయమేసిందట. నా పక్కన బెంచీ మీద కూర్చుంది. తర్వాత, "ఆంటీ, మా చేతులు కొన్ని పేజీల్లో పడిపోతాయి. చెయ్యి తీసేలోపే ఫోటో అయిపోతుంది. సూపర్వైజర్ చూస్తే తిడతాడు, చూడకపోతే అట్లే వెళ్ళిపోతాయి. శైలూవి కూడా ఉంటాయి" అంది. శైలజ చేసిన పుస్తకాల్లో తనకు గుర్తున్నవాటి పేర్లు చెప్పింది.

హొసకోటె బస్టాండు పక్కన గోపాలప్ప ఇంటర్నెట్ సెంటర్ ఉంది. నన్ను చూసి, ఆటలాడుకుంటున్న కుర్రాళ్ళను లేపి, తలుపు దగ్గరి మిషన్ నాకిచ్చాడు. ఎలా వెతకాలో నేర్పాడు. నన్ను ఎవరూ సంతకం అడగలేదు. ఎవరి భార్యనో అడగలేదు. పేజీ పైనుంచి కిందికి మెల్లగా, పరదా దించినట్టు తెరుచుకునేది. అప్పటినుంచి శనివారం ఒంటిపూట బడి కాగానే అక్కడికి వెళ్ళేదాన్ని. చాలా చేతులు చూశాను. గాజుల చెయ్యి, గోరింటాకు చెయ్యి, ఉంగరం వేలు, ఒకచోట చున్నీ అంచు. ఎవరి పిల్లలో. వాళ్ళలో మా అమ్మాయి లేదని తెలిశాక కూడా వెంటనే పేజీ మార్చలేకపోయేదాన్ని.

వేళ్ళ కోసం తెరిచినదాన్ని, చదవడం మొదలుపెట్టాను. చిన్న వయసులోనే నా చేతికి రావలసిన పుస్తకాలు. కొన్ని పేజీలు ప్రింట్ తీయించి తొమ్మిదో తరగతిలో చదివి వినిపించేదాన్ని. పిల్లలకు బాగా నచ్చింది ఒక ప్రయాణాల పుస్తకం. రాసినవారి పేరుండాల్సినచోట 'ఒక గృహిణి' అని మాత్రమే ఉంది. వెనకటి రోజుల్లో ఒక్కతే రైలెక్కి ఊళ్ళు తిరిగిన ఆవిడ. ఆ పుస్తకంలోనే, నడిమి పేజీల్లో, చీలిన గోరు కనిపించింది. ఎడమ బొటనవేలు, పేజీ కింది అంచు మీద, మూడు పంక్తులు కప్పి. రెండు పాయలూ స్పష్టంగా ఉన్నాయి. నేను తెర మీద చెయ్యి పెట్టలేదు. గోపాలప్ప చూస్తున్నాడు. సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి తాగి, పై వాక్యం చదివాను. "నేను ఇల్లు దాటుటకు కారణమొక్కటే" అని ఉంది. మిగిలింది వేలి కింద ఉంది. శైలజ అక్కడ ఆగిపోయి ఉంటుంది. చదువుతూ, చెయ్యి తీయడం మరిచిపోయి ఉంటుంది.

ఎవరికీ చెప్పలేదు. ప్రతి శనివారం వెళ్ళి ఆ పేజీ తెరిచి, కాసేపు కూర్చుని, వచ్చేసేదాన్ని. కానీ తరగతిలో పుస్తకం మొదటినుంచీ చదువుతున్నాం, ఆ పేజీ రాక తప్పలేదు. ప్రింట్‌లో వేలు వేలులా లేదు, నల్లటి మరకలా వచ్చింది. నేను ఆపేసరికి బ్లెస్సీ లేచి నిలబడింది. వాళ్ళమ్మ నర్సు, పిల్లకు అన్నిటికీ కారణం కావాలి.

"ఏం కారణం మిస్?"

"ఇక్కడ సరిగా పడలేదు."

"మొగుడు కొట్టినాడేమో మిస్" అంది వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి.

"అత్త తిట్టుంటాది."

"అన్నం పెట్టలేదేమో."

ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పారు. అన్నీ వాళ్ళ ఇళ్ళలోంచి తెచ్చినవని నాకు తెలుసు. బ్లెస్సీ కూర్చోలేదు. "మీరు కనుక్కోండి మిస్. మనకే ఇట్లా వచ్చిందా, అందరికీ ఇట్లే వస్తాదా?" అంది.

అందరికీ అలాగే వస్తుంది. ఆ ప్రశ్న నాతో ఇంటికొచ్చింది.

అనితను అడిగాను. ఎవరైనా రాసి చెబితే పుస్తకం మళ్ళీ తెప్పించి ఆ పేజీ కొత్తగా తీస్తారని, పాతది తీసేస్తారని చెప్పింది. తర్వాతి వారం ఆ పేజీని ఒక సీడీలో వేసి తెచ్చిచ్చింది. "ఇది మీ దగ్గర పెట్టుకోండి ఆంటీ. కంప్లైంట్ ఇవ్వాలా వద్దా మీ ఇష్టం. ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనరు."

ఆ మధ్యలోనే మా అత్తగారు కొడుకుతో చెప్పింది, కోడలు ఈ వయసులో ఇంటర్నెట్ మరిగిందని. మా ఆయన ఒక శనివారం అంగడికి సెలవు పెట్టి, బస్సెక్కి, నేరుగా గోపాలప్ప దగ్గరికి వచ్చాడు. "ఇంట్లో అమ్మకు మాత్రలిచ్చేవాళ్ళు లేరు. నువ్విక్కడ ఏం చేస్తాండావు?" అన్నాడు. నేను కుర్చీ జరిపి తెర చూపించాను. ఆయన వంగి చూశాడు. అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత పక్క కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆస్పత్రిలో కూడా ఆయన అలా ఏడవలేదు.

బస్సులో చెప్పాను, ఆ పేజీ మార్చమని రాయబోతున్నానని.

"ఏమే, నీకు బుద్ధుండాదా?" అన్నాడు. కోపంగా కాదు, బతిమాలినట్టు. "ఆ పిల్లది ఇంట్లో ఒక్క గుడ్డ లేదు. ఆడ ఒక్క వేలుండాది. దాన్నీ నువ్వే తీయించేస్తావా?"

"సీడీ ఉంది."

"సీడీలో ఉంటే మనమే చూడాల. ఆడుంటే లోకం చూస్తాది."

కొంగు కింద పెట్టుకోమన్న చెయ్యి అది. ఆ మాట అనగలను. కానీ ఆ మాట ఆయనకు ముందే తోచిందని ముఖం చూస్తే తెలుస్తోంది. అందుకని వేరేది చెప్పాను. "లోకానికి అది చెయ్యి కాదు. అడ్డం. పేజీ చదవడానికి వచ్చేలా చెయ్యడమే మన పిల్ల ఉద్యోగం. ఒక్క పేజీలో కుదరలేదు. దాన్ని సరిచేస్తే దాని పనే పూర్తవుతుంది."

"నేను వద్దంటాండాను."

"విన్నాను" అన్నాను.

హూడి వచ్చింది. దిగాం. ఆయన ముందు నడిచాడు. నేను కూరగాయల బండి దగ్గర ఆగి టమాటాలు తీసుకుని వెనక వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆయన వద్దన్న పనులు చాలా మానేశాను, చాలావాటికి కారణం కూడా అడగలేదు. మానేసినవాటిలో ఏవి నావో ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామంటే వరసగా రావడం లేదు. ఇది మాత్రం మానకూడదని, ఆ టమాటాలు కడుగుతున్నప్పుడే నిశ్చయించుకున్నాను.

సోమవారం బడి విరామంలో గోపాలప్ప దగ్గరికి వెళ్ళి స్కానింగ్ సెంటర్‌కు ఉత్తరం రాశాను. పుస్తకం పేరు, పేజీ, మూడు పంక్తులు కనిపించడం లేదన్న సంగతి. కింద మరో మాట కలిపాను. పుస్తకం మొదట్లో గ్రంథాలయం పేరు, దాత పేరు, అధికారుల పేర్లు ఉన్నాయి. స్కాన్ చేసినవారు అన్నచోట ఒక నంబరుంది. ఆ నంబరు శైలజ అని, ఆ పేరు వెయ్యమని, మిగిలిన పుస్తకాల్లోనూ ఆ అమ్మాయిల పేర్లు వెయ్యమని రాశాను. నా సంతకం ఒక్కటే పెట్టాను.

వానలు మొదలయ్యాక ఒక శనివారం పేజీ తెరిస్తే పైనుంచి కిందికి తెల్లగా దిగింది. అంచు వరకు అక్షరాలే. గోపాలప్ప "ఏమైంది మేడమ్?" అన్నాడు. ఏమీ లేదన్నాను. ప్రింట్ తీయించాను. అక్కడ చదవలేదు. సోమవారం తరగతిలోనే, పిల్లలతో పాటు మొదటిసారి చదివాను.

"నేను ఇల్లు దాటుటకు కారణమొక్కటే. మాయింట నున్నవారెల్లరును ఎచ్చటికో పోయి వచ్చిరి. వారు తెచ్చిన కబుర్లు వినుచు నేను వంట చేసితిని. ఈసారి కబుర్లు నేను చెప్పవలెనని తోచినది."

"అంతేనా మిస్?" అంది వెనక బెంచీ అమ్మాయి. "కొట్టలేదా?"

"కొట్టకపోతే పోకూడదా ఏమి?" అంది బ్లెస్సీ.

గిన్నెలు తోముతున్న నాకు శైలజ చెప్పిన కథల్లో ఇది ఉందేమోనని ఆ రోజంతా వెతుక్కున్నాను. ఉండే ఉంటుంది. నేను నీళ్ళ చప్పుడులో వినలేదేమో.

ఇంటికి వెళ్ళాక మా ఆయన అడిగాడు, "పోయిందా?" అని. పోయిందన్నాను. ఆ మూడు పంక్తుల ప్రింట్ ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు తెచ్చుకుని చదివాడు. లేచి వెళ్ళి వాళ్ళమ్మకు మాత్రలిచ్చాడు. సీడీ బీరువాలో శైలజ అరలో ఉంది. మా ఇంట్లో కంప్యూటర్ లేదు.

నా ఉత్తరంలోని రెండో సంగతికి జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. అనిత, ఇంకా కొందరు అమ్మాయిలు కూడా వాళ్ళ వాళ్ళ పేర్లతో రాశారు. ఆ పుస్తకం ఎక్కడినుంచైనా, ఎవరైనా తెరిచి చదవవచ్చు. స్కాన్ చేసినవారు అన్నచోట ఇంకా నంబరే ఉంది. పేరు వెయ్యవలసి ఉంది.