కుడివైపు బటన్

మా ఆఫీసులో తయారయ్యేది షుగరున్నవాళ్ళు నడుముకు పెట్టుకునే ఇన్సులిన్ పంపును ఫోన్‌తో నడిపే యాప్. అందులో ఏ బటన్ ఎక్కడుండాలో తేల్చేది నేను. తినేముందు ఒక డోసు ఇచ్చాక అది "ఇంకోటి ఇవ్వనా?" అని అడుగుతుంది. ఇన్నేళ్ళూ "చాలు" కుడివైపు ఉండేది. మిగతా యాప్‌లన్నిటిలాగే "ఇవ్వు" కుడివైపుంటే ముచ్చటగా ఉంటుందని మార్చాను. పరీక్షకు పిలిచినవాళ్ళలో ఒక్కరూ తడబడలేదు. అందరూ కొత్తవాళ్ళే మరి. పాత అలవాటు లేనివాళ్ళకు తడబాటు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు.

పొద్దున కొత్త యాప్ అందరి ఫోన్లకూ వెళ్ళిపోయింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో మా అకౌంటెంటు, ఆయనా ఈ యాపే వాడతాడు, కబుర్లు చెబుతూ చూడకుండానే కుడివైపు నొక్కబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా మామగారికీ ఇదే పంపు, ఆయనా స్క్రీను చూడరు. ఆయన భోజనం వేళా ఇదే.

ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య ఎత్తారు.

"మావయ్య డోసు వేసుకున్నారా?"

"ఇందాకే. కూర ఉడకలేదని కూర్చోబెట్టాను. ఒళ్ళంతా చెమటలంటున్నారు."

రెండు డోసులు పడి షుగరు పడిపోతున్నట్టుంది. పంపు తీసెయ్యమన్నాను, నీళ్ళలో పంచదార కలిపి తాగించమన్నాను. షుగరు మనిషికి పంచదారేమిటని ఆవిడ వాదన. కాపురానికొచ్చాక మొదటిసారి అత్తగారి మీద అరిచాను. ఫోన్ చెవికి ఆనించుకునే నిలబడ్డాను. చాలాసేపటికి మావయ్య గొంతు వినిపించింది, కూర మాడిపోతోందని విసుక్కుంటూ. ఏడుపొచ్చేసింది.

మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన అంతా విని, సాయంత్రం చడీచప్పుడు లేకుండా పాతది పెట్టేద్దామన్నాడు. గోల చేస్తే కంపెనీ పరువు పోతుందట.

"మీ మావయ్య బాగానే ఉన్నారు కదమ్మా."

"మా ఇంట్లో ఫోన్ ఎత్తడానికి అత్తయ్య ఉన్నారు సార్. ఒంటరిగా ఉన్నవాళ్ళ సంగతేంటి?"

ఆయన ఫోన్ తీసి ఇంజనీర్లను పిలిచాడు. అక్కడే నిలబడి పాత యాప్ పెట్టించాను, అందరికీ హెచ్చరిక పంపించాను. కానీ ఒంట్లోకి వెళ్ళిపోయిన మందును వెనక్కి తెచ్చే బటన్ నేనెక్కడ పెట్టను? పొద్దున్నుంచి రెండు డోసులు పడ్డవాళ్ళ నంబర్లు తెరమీదకు తెప్పించి, మొదటిదానికి ఫోన్ చేశాను.

మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.