ఏం గుడ్డో చెప్పు నాన్నా

ఆ ఆట మొదలుపెట్టింది నేనే. నాన్నకు పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. మూతి సర్దుకుంది, కాలు కుదుటపడింది. ఎడమచేతికి మాత్రం స్పర్శ రాలేదు. రకరకాల గుడ్డలు పట్టిస్తే వేళ్లకు మళ్లీ అలవాటవుతుందని వ్యాయామాలు చేయించే అమ్మాయి చెప్పింది. నాన్న బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. మా ఇంట్లో గుడ్డముక్కలకేం కొదవ? రోజూ టీ తాగాక ఆయన కళ్లకు గంతలు కట్టి, ఎడమచేతిలో ఒక ముక్క పెట్టేవాళ్లం. తప్పు చెబితే పిల్లిలా అరవాలి.

మొదట్లో ఆయన అరవని రోజు లేదు. "పిల్లిని పెంచుతున్నారా?" అని పక్కింటావిడ అడిగింది కూడా. వారం నుంచి మాత్రం ఒక్కటీ తప్పలేదు. సోమవారం డ్యూటీకి వస్తాడని అమ్మ సూపర్‌వైజరుకు ఫోన్ చేసేసింది.

శనివారం ముక్కొకటి కిందపడితే తీయడానికి వంగాను. తలెత్తేసరికి గంతల సందులోంచి నాన్న కళ్లు కనిపించాయి. నన్ను చూసి చటుక్కున మూసుకున్నాయి.

కటింగ్ బల్ల మీద వంద పొరల గుడ్డను ఎడమచేత్తో అదిమిపట్టి, కుడిచేత్తో కరెంటు కత్తిని తోయాలి. జారుతున్నది గుడ్డో వేలో ఆ చేతికే తెలియాలి. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఫారాలూ, డాక్టరు చీటీలూ అన్నీ నేనే చదివి చెబుతాను. ఇది ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆదివారం, "ఇవాళ గంతలు నేను కడతా" అన్నాను.

"పిచ్చుకనే కట్టనీవే. దానిది కలిసొచ్చిన చెయ్యి" అన్నాడు నాన్న. పిచ్చుక అంటే మా చెల్లెలు, రెండో తరగతి.

"రోజూ అదేనా? పెద్దదాన్ని కట్టనివ్వండి" అంది అమ్మ. రేపటి చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించి ఉంది.

తువ్వాలు రెండు మడతలు వేసి కట్టాను.

"గట్టిగా కట్టావేంటమ్మా?" నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"ఊడిపోకుండా, నాన్నా."

అమ్మ వెల్వెట్ ముక్క పెట్టింది. ఆయన బొటనవేలు దాని మీద అటూ ఇటూ చాలాసేపు తిరిగింది.

"కాటన్."

అమ్మ ఆ ముక్కవైపూ, నావైపూ చూసింది.

"తొండి! నాన్న కావాలనే తప్పు చెబుతున్నాడు!" అని అరిచింది పిచ్చుక.

"దొరికిపోయానే!" అని నాన్న పిల్లిలా అరిచాడు. జీన్స్ ముక్క పెడితే సిల్కు అన్నాడు. ఇంకా గట్టిగా అరిచాడు. పిచ్చుక పొట్ట పట్టుకుని నేల మీద దొర్లింది. నేనూ నవ్వాను. అమ్మ నవ్వుతూనే గోడవైపు తిరిగింది.

కాసేపటికి ఇటు తిరిగి, వెల్వెట్ ముక్కను ఆయన కుడిచేతిలో పెట్టింది.

"వెల్వెట్" అన్నాడు వెంటనే. "అంచు వంకరపోయింది. ఎవడో కొత్తవాడు కోశాడు."

గంతలు విప్పమనలేదు. రెండు చేతులూ ముందుకు చాచి, "ఇంకోటి పెట్టండి" అన్నాడు.

ఏ చేతిలో అని అడగలేక, ముక్క పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.