‘వరకు’ అంటే ఎంతవరకు?

శాలిని రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో బెజవాడ వెళ్లి ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తుంది. ప్రోగ్రాముల్లో జరిగే ప్రతి మార్పునూ పాత ప్రతులతో సహా దాచిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అందులోంచి పాత ప్రతుల్ని చిటికెలో వెతికిపెట్టే ప్రోగ్రాము రాసే పని టీమ్ లీడ్ కిరీటి ఆమెకు అప్పగించాడు.

ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కో ప్రతికీ ఓ పొడుగాటి గుర్తు ఇస్తుంది. గుర్తులన్నిటినీ అక్షరక్రమంలో పేర్చి, వాటి ముందు చిన్న పట్టిక పెడుతుంది. ఏ అక్షరం దగ్గరికి మొత్తం ఎన్ని గుర్తులయ్యాయో ఆ పట్టికలో ఉంటుంది. లెక్కలోకి వచ్చేవి ఆ అక్షరానికి ముందున్నవి మాత్రమేనని, ఆ సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో వివరించే డాక్యుమెంటేషన్‌లో రాసుంది. శాలిని పొల్లుపోకుండా అలాగే చేసింది. తీరా చూస్తే, ‘సి’తో మొదలయ్యే గుర్తు అడిగితే ప్రోగ్రాము పోయిపోయి ‘డి’ వాటిలో వెతికి, లేదంటోంది.

తప్పు తనదేననుకుని తల బద్దలుకొట్టుకుంది. చివరికి ఆ సాఫ్ట్‌వేర్ అసలు కోడే తెరిచి చూసింది. లెక్కలో ఆ అక్షరం కూడా కలిసే ఉంది. డాక్యుమెంటేషన్ రాసినవాళ్లే పొరబడ్డారు.

“మీరే దిద్ది పంపించండి శాలిని గారూ. లేకపోతే రేపు ఇంకొకళ్లు పడతారు ఇందులో” అన్నాడు కిరీటి.

‘ముందున్నవి మాత్రమే’ అన్న మాట తీసేసి, ‘వరకు’ అనే అర్థంలో ‘అప్ టు’ అని పెట్టి ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు పంపింది. బుధవారం జవాబొచ్చింది. దోషం నిజమేనట, కృతజ్ఞతలట. కానీ ‘అప్ టు’ అంటే ఆ అక్షరం కలుస్తుందా, కలవదా అని అడిగారు. శాలినికి చిర్రెత్తింది. ఆమాత్రం తెలీదా అని ఘాటుగా నాలుగు ముక్కలు రాసి, పంపకుండానే బస్సెక్కింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు అమలమ్మకూ, ఆవిడ తమ్ముడు ఏసుపాదానికీ వాదన జరుగుతోంది. గురువారం వరకు ఉంటానని గుడివాడ నుంచి వచ్చిన ఆయన, మర్నాడు పొద్దున్నే బయల్దేరదామని సంచి సర్దుకుంటున్నాడు. ఆవిడేమో గురువారానికి గారెలూ నాటుకోడీ అనుకుని అన్నీ తెప్పించి పెట్టింది.

“గురువారం వరకూ అన్నావుగా. మరి గురువారం ఉండొద్దా?”

“గురువారం వచ్చిందంటే వెళ్లిపోతాననేగా అక్కా.”

ఇద్దరూ తీర్పు చెప్పమని కోడలివైపు తిరిగారు. శాలినికి నవ్వాగలేదు. బస్సులోనూ తగ్గని కోపం అక్కడ ఇట్టే దిగిపోయింది.

“మీ ఇద్దరి తప్పూ లేదండీ. ఆ ‘వరకు’తోనే వచ్చింది చిక్కు. రేపు కూడా ఉండి, శుక్రవారం పొద్దున వెళ్లండి.”

అమలమ్మ వెంటనే సంచి లాక్కుని లోపల పెట్టేసింది.

మర్నాడు ఆఫీసుకెళ్లగానే శాలిని ఘాటు జవాబు చెరిపేసి, ‘ఆ అక్షరంతో మొదలయ్యేవాటిని కూడా కలుపుకుని’ అని వచ్చేట్టు వాక్యం తిరగరాసింది. ‘ఏ’వి మూడూ ‘బి’వి రెండూ ఉంటే ‘బి’ దగ్గర అయిదు ఉంటుందని కింద ఓ ఉదాహరణ కూడా చేర్చి పంపింది.

శుక్రవారం ఆఫీసుకెళ్లేసరికి ఆమె దిద్దుబాటు తీసుకున్నామనీ, ఉదాహరణ మరీ బాగుందనీ కబురొచ్చింది. కిరీటి అందరికీ టీలు తెప్పించి, అదే డాక్యుమెంటేషన్‌లో తర్వాతి పేజీ తెరిచాడు. ఇక్కడా ఏదో తేడాగా ఉంది, కాస్త చూడమన్నాడు. శాలిని టీ గ్లాసుతో సహా కుర్చీ దగ్గరికి జరుపుకుంది.